సుకుమార్ కొనసాగింపు చిత్రాలు

తెలుగు చలనచిత్ర దర్శకుడు సుకుమార్ తీసిన చిత్రాలలో ఆర్య (2004), పుష్ప: ది రైజ్ (2021) అనే రెండింటికి రెండవ చిత్రాలు వెలువడ్డాయి. ఈయన స్వగ్రామం కోనసీమలో రాజోలు సమీపాన గల మట్టపర్రు. సినీరంగ ప్రవేశానికి పూర్వం కాకినాడలో గణిత అధ్యాపకునిగా పనిచేశాడు. నాలుగు చిత్రాలకూ కథానాయకుడు అల్లు అర్జున్, సంగీత దర్శకుడు దేవి శ్రీ ప్రసాద్.

ఆర్య, ఆర్య 2

ఆర్య 2 (2009)లో ఆర్య, గీత, అజయ్ అనే పేర్లు తిరిగి కనిపించినా పాత్రలు, కథ వేరు. మొదటి చిత్రంలో ఆర్య ప్రతిఫలం కోరని ప్రేమికుడు. రెండవదానిలో అనాథాశ్రమంలో పెరిగి, స్నేహం కోసం దేనికైనా తెగించే మొండివాడు. అందుచేత దీనిని విడిగా చూసినా అర్థమవుతుంది. ఇది 2025లో థియేటర్లలో పునర్విడుదలైంది.

పుష్ప, పుష్ప 2

పుష్ప 2: ది రూల్ (2024) తొలి భాగానికి నేరుగా కొనసాగింపు. ఎర్రచందనం కూలీ పుష్పరాజ్ ముఠా నాయకునిగా ఎదగడం మొదటి భాగపు కథ. దాని చివర పోలీసు అధికారి షెకావత్‌తో రాజుకున్న వైరం రెండవ భాగంలో ముదురుతుంది.

ఏది మేలు?

వసూళ్లలో రెండవ పుష్ప మొదటిదానిని మించిపోయింది. అయితే అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడు పురస్కారం తెచ్చినది మొదటిదే. ఆంగ్ల సూపర్ హీరో చిత్రాలలో స్పైడర్ మ్యాన్ 2 (2004), ది డార్క్ నైట్ (2008) తొలి చిత్రాలకంటె మిన్న అని పలువురు విమర్శకుల అభిప్రాయం. వీరుని పుట్టుపూర్వోత్తరాలు ముందే చెప్పి ఉండుటచేత వాటిలో మానసిక సంఘర్షణకు చోటు దొరికింది. పుష్పలో ఎదుగుదలయే ప్రధానాకర్షణ కనుక రెండవ భాగానికి ఆ సౌలభ్యం తక్కువ.