చెట్టుతొఱ్ఱలోని తేనెపట్టు



ఖైరతాబాదులో మా వీథి చివర నొక ముసలి చింతచెట్టు కలదు. దాని మ్రానునం దొక తొఱ్ఱ. అందు తేనెటీగల కాపురము. పొగవేసి వానిని వెడలగొట్టి, తొఱ్ఱను సిమెంటుతో పూడ్పింపవలెనని యిరుగుపొరుగువారు తలంచి, "పంతులుగారూ, మీరేమందురు?" అని నన్నడిగిరి. నేను వెంటనే బదులు చెప్పజాలనైతిని. దానికి కారణము కలదు.

ఉపాధ్యాయుడనైన తొలినాళ్లలో నట్టి తొఱ్ఱ నొకదానిని పిల్లలకు చూపదలచి, గొడ్డలితో వెడల్పు చేయించితిని. వరుసగా వ్రేలాడు ఏడు పెరలను లెక్కించితిమి. మూడవనాటికి ఈగలు లేవు; చీమలు మాత్రముండెను. ఆ లెక్క తప్ప నాకు దక్కిన విద్య లేదు.

మన పూర్వులు తొఱ్ఱయీగల నెఱుగనివారు కారు. సుశ్రుతుడు తేనెలను ఎనిమిది విధములుగా చెప్పెను. 16వ శతాబ్దివాడగు భావమిశ్రుడు, చెట్టుతొఱ్ఱలలో దోమలవంటి చిన్న నల్లని యీగలు కూర్చునది పౌత్తికమని వివరించెను. వైద్యులకు కావలసినది తేనెగుణము. గూటిలోని సంసారము కాదు.

ఆ సంసారమును చక్కగా పరిశీలించినవాడు అంధుడు. జెనీవావాసియగు ఫ్రాన్స్వా హ్యూబర్, పుస్తకపు పుటలవలె తెరచి మూయదగు పెట్టెను చేయించి, పరిచారకుడైన బ్యూర్నెన్సు కన్నులతో చూచి, 1792లో గ్రంథము ప్రకటించెను. ఇక అమెరికాలో సీలీ, మోర్సు అను శాస్త్రజ్ఞులు ఇథాకా ప్రాంతపు 21 తొఱ్ఱగూళ్లను కోసి చూచి, 1976లో వాని కొలతలు ప్రకటించిరి. తొఱ్ఱ సుమారు 40 లీటర్లు పట్టును, వాకిలి చిన్నది, పైన తేనె, దాని క్రింద పుప్పొడి, అడుగున పిల్లలు. వారును గూళ్లను చెఱిచినవారే. కాని వారు కొలిచి వ్రాసిరి. నేను కొలువనైతిని, వ్రాయనైతిని.

ఇంకొక మాట. 1991 మొదలు దక్షిణదేశమున మన జాతి యీగల పిల్లపురుగులకు విషాణువ్యాధి సోకి, పెట్టెలలో పెంచిన గూళ్లలో నధికభాగము నశించినది. బ్రతికిన గూళ్లనుండియే జాతి మరల వృద్ధినొందినది. కావున మా చింతతొఱ్ఱయు నొక విత్తనపు గాదె కావచ్చును.

గొడ్డలి లేకయే వాకిటనుండి తెలియు సంగతియు నొకటి కలదు. ఎండవేళ మన యీగలు తలను బయటికి త్రిప్పి నిలిచి, రెక్కలతో గాలిని లోనికి వీచును. పాశ్చాత్యజాతివి తలను వాకిలివైపు పెట్టి, లోని గాలిని బయటికి వెడలించును. ఏడు పెరలను లెక్కించిన నాడు దీనిని నేను చూడనేలేదు.

"నెలదినములు దూరమునుండి చూడుడు, పిదప మీ యిష్టము" అని పొరుగువారితో చెప్పితిని. ఇప్పుడు పిల్లలు పది అడుగుల యెడముగా నిలిచి, వీచు ఈగలను లెక్కించి పలకపై వ్రాయుచున్నారు. సిమెంటు బస్తా యింకను మా అరుగుమీదనే యున్నది.