రామును, రాణిని ఒకటి చేసిన లెక్క

హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట వైపు కాలేజీలకూ, జీనోమ్ వ్యాలీ ల్యాబ్‌లకూ ఏళ్ల తరబడి మెయిళ్లు పంపుతున్నవాళ్లు ఒకసారి అడ్రస్ బుక్ తెరిచి చూడండి. ఒకే సంస్థ రెండు మూడు చోట్ల కనబడినా ఆశ్చర్యం లేదు. ఒకచోట రంగారెడ్డి జిల్లా, ఆంధ్రప్రదేశ్. ఇంకోచోట జిల్లా అదే, రాష్ట్రం తెలంగాణ. మరోచోట మేడ్చల్-మల్కాజిగిరి. సంస్థ అంగుళం కదల్లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది, 2016 అక్టోబరు 11న జిల్లా మారింది. ఊరి పేరుకు ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా ఒకటి కాదు. మండలం పేరులో ‘ఐ’ రాస్తారు, అక్కడి కాలేజీలు నల్సార్, బిట్స్ చిరునామాల్లో రెండు ‘ఈ’లు.

కాంటాక్టుల్లో డూప్లికేట్లు పేరుకుపోతే మన బద్ధకమే అనుకుంటాం. చాలావరకు తప్పు పాత సిమ్ కార్డుది. అందులో మామూలుగా 250 పేర్లు పట్టేవి, పేరుకు ఒకే నంబరు. మనిషికి ఇంటి నంబరు, ఆఫీసు నంబరు ఉంటే రెండు ఎంట్రీలు చేయాల్సిందే. కొత్త ఫోన్ కొన్నప్పుడల్లా సిమ్‌లోవి ఫోన్‌లోకి, ఫోన్‌లోవి జీమెయిల్‌లోకి ఎక్కాయి. ఒకే నంబరు ముందు ఒకచోట సున్నా, మరోచోట ప్లస్ 91. 2004లో వచ్చిన జీమెయిలేమో మనం మెయిల్ పంపినవాళ్లను తనంతట తానే చేర్చుకుంది. ఒకే కార్డులో అన్ని నంబర్లూ, మెయిళ్లూ పట్టే వీకార్డ్ 1995లోనే పుట్టినా, అప్పటికే పోగుపడిన చెత్తను అది ఏరలేదు.

ఏరే విద్య కంప్యూటర్ కంటే పాతది. పిట్స్‌బర్గ్‌కు చెందిన రాబర్ట్ రస్సెల్ 1918లో ఒక పేటెంట్ తీసుకున్నాడు: పేర్లను అక్షరాలను బట్టి కాక పలికే తీరును బట్టి సర్దాలని. సౌండెక్స్ అదే. స్థిరపడిన రూపంలో మొదటి అక్షరం ఉంచి, అచ్చులు వదిలేసి, దగ్గరగా పలికే హల్లులకు ఒకే అంకె ఇస్తారు. 1930ల్లో అమెరికా పాత జనగణన పత్రాలకు ఈ పద్ధతిలోనే సూచికలు తయారుచేయించింది.

మన పేర్లతో చేసి చూడండి, సరదాగా ఉంటుంది. శామీర్‌పేట ఏ స్పెల్లింగ్‌లో రాసినా ఎస్ 561. ‘కెఎస్‌హెచ్’ లక్ష్మీ, ‘ఎక్స్’ లక్ష్మీ ఇద్దరూ ఎల్ 250. ఇంతవరకు శభాష్. కానీ రాముకు ఆర్ 500, రమ్యకు ఆర్ 500, రాణికీ అదే! ‘మ’కూ ‘న’కూ ఒకే అంకె మరి. ఇక ఇంటిపేరు పొడి అక్షరం ముందు పెట్టి ‘కె. లక్ష్మి’ అంటే ఎల్ కాస్తా కె అయిపోతుంది.

పేరొక్కటే చాలదని కెనడాలో తేల్చారు. జన్యుశాస్త్రవేత్త హోవర్డ్ న్యూకోంబ్ బృందం 1959లో జనన, వివాహ రికార్డులను కంప్యూటర్‌తో కలిపి చూపింది. 1969లో గణాంకవేత్తలు ఫెలెగీ, సంటర్ దానికి గణితం కట్టారు. అరుదైన పేరు కలిస్తే ఎక్కువ బరువు, అందరికీ ఉండే పేరు కలిస్తే తక్కువ. కలిసినవి ఒక కుప్ప, కలవనివి మరో కుప్ప, అనుమానంగా ఉన్నవి మనిషి చూడాల్సిన మూడో కుప్ప. ఈ మూడో కుప్పే నాకు వాళ్ల గొప్ప ఆలోచన అనిపిస్తుంది. ఫోన్ ఇప్పుడు ‘కలపమంటారా?’ అని అడగడం ఆ దారిలోనిదే.

మనం మాత్రం చూడకుండా ‘మెర్జ్ ఆల్’ నొక్కేస్తాం. తెలుగిళ్లలో అది ప్రమాదం. అన్న అప్లికేషన్‌కు పెట్టిన మెయిల్ ఐడీనే చెల్లి అప్లికేషన్‌కూ పెడతారు, నాన్న నంబరే అమ్మ నంబరు. వేర్వేరు మనుషులు ఒక్క కార్డయిపోతారు. కలిపేముందు కాంటాక్టులన్నీ ఒక ఫైలుగా దించి దాచుకోండి, ఒక్కొక్కటే చూసి కలపండి. గూగుల్ కాంటాక్ట్స్‌లో పొరపాటు జరిగితే 30 రోజుల్లోగా వెనక్కి తెచ్చుకోవచ్చు.