అలమేలమ్మ శాపం, మన వంశవృక్షం

మైసూరు వైపు స్థిరపడిన తెలుగువాళ్ళకి అలమేలమ్మ కథ తెలియంది కాదు. నేను చదివింది కన్నడ మీడియం. ఆ కథ బడిలోనూ విన్నా, ఇంట్లో అవ్వ నోటా విన్నా. 1610లో రాజ ఒడెయరు శ్రీరంగపట్నాన్ని విజయనగర ప్రతినిధి నుంచి తీసుకున్నాడు. ఆ ప్రతినిధి భార్యే అలమేలమ్మ. ఆమె నగల కోసం రాజు మనుషులు వెంటపడితే, మూడు శాపాలు పెట్టి తలకాడు దగ్గర కావేరిలో దూకిందని చెప్తారు. తలకాడు ఇసుకలో మునగాలని, మాలంగి మడుగు కావాలని, మైసూరు రాజులకి పిల్లలు లేకపోవాలని ఆ శాపాలు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏదైనా చెప్తే సరిచూసుకోవడం అలవాటైపోయింది. అందుకని రాజుల వరస ముందు పెట్టుకుని చూశా. నాల్వడి కృష్ణరాజ ఒడెయరుకి పిల్లలు లేరు. 1940లో ఆయన తమ్ముడి కొడుకు జయచామరాజేంద్ర పట్టానికొచ్చారు. ఆయనకి పిల్లలున్నారు. ఆయన కొడుకు శ్రీకంఠదత్త ఒడెయరు మాత్రం సంతానం లేకుండానే 2013లో పోయారు. శాపం కథ చెప్పేవాళ్ళు ఇక్కడితో ఆపేస్తారు. ఆ ఇల్లు ఎలా నిలబడిందో చెప్పరు.

ముమ్మడి కృష్ణరాజ ఒడెయరుకి పట్టం కట్టడానికి వారసుడైన కొడుకు లేడు. 1865లో కూతురి కొడుకు చామరాజేంద్రని దత్తు తీసుకున్నారు. అప్పుడది చిన్న విషయం కాదు. అంతకుముందు డల్హౌసీ దత్తత చెల్లదని చెప్పి సతారా, ఝాన్సీ, నాగపూర్‌లని కలిపేసుకున్నాడు. మైసూరు పాలన 1831 నుంచే ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉంది. అయినా ముసలి రాజు పట్టు వదల్లేదు. 1867లో దొరలు ఆ దత్తతని ఒప్పుకున్నారు. 1881లో రాజ్యాన్ని తిరిగి చామరాజేంద్ర చేతికిచ్చారు. అంటే పోయిన రాజ్యం దత్తపుత్రుడి చేతికి తిరిగొచ్చింది. 2015లో ప్రమోదాదేవి ఒడెయరు యదువీర్‌ని దత్తు తీసుకున్నారు. ఆయన శ్రీకంఠదత్త గారి అక్క మనవడు. రెండుసార్లూ బిడ్డ వచ్చింది ఆ ఇంటి ఆడపడుచుల వైపు నుంచే.

అరమనెలో మేళతాళాలతో జరిగిన పని మన ఇళ్ళల్లో గుసగుసగా జరిగింది. పిల్లలు లేని ఆడదాన్ని గొడ్రాలన్నారు. మగవాడికి అంత సులువుగా నోట్లోకొచ్చే మాట లేదు. నాగప్రతిష్ఠ, రామేశ్వరం, ఉపవాసాలు అన్నీ ఆమెకే. ఆపైన ఆయనకి ఇంకో పెళ్ళి. హిందూ వివాహ చట్టం దాన్ని ఆపింది 1955లో.

దత్తత చట్టమూ చాన్నాళ్ళు అలాగే ఉంది. 1956కి ముందు శాస్త్రప్రకారం దత్తు అంటే మామూలుగా మగపిల్లాడే, పిండం పెట్టడానికి, ఆస్తి నిలబెట్టడానికి. మద్రాసు సీమలో విధవరాలు దత్తు తీసుకోవాలంటే మొగుడు ముందే అనుమతిచ్చి ఉండాలి, లేదంటే అతని దాయాదులు ఒప్పుకోవాలి. 1868లో రామనాథపురం కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పిందదే. 1956 చట్టం వచ్చాక ఆడపిల్లనీ దత్తు తీసుకోవచ్చు. దత్తహోమం తప్పనిసరి కాదు. పద్ధతిగా జరిగిన దత్తతని వెనక్కి తీసుకోడానికి లేదు. పెళ్ళైన ఆడమనిషికి, భర్త సమ్మతితో, తన పేరున దత్తు తీసుకునే హక్కు 2010లో వచ్చింది.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, మన వంశవృక్షం సరిదిద్దే పని నాకిచ్చారు. అందులో ముత్తాత తమ్ముడి పేరు కింద "సంతానం లేదు" అని ఉంది. కానీ ఆ చిన్నవ్వ తన చెల్లెలి కొడుకుని పాలు మరిచినప్పటి నుంచి సాకింది. ఆవిడకి కొరివి పెట్టింది ఆ పిల్లాడే. హోమం జరగలేదు కాబట్టి పేరు ఎక్కలేదు. చట్టంలో సాకిన కొడుకు వేరు, దత్తపుత్రుడు వేరు, అది ఒప్పుకుంటా. కానీ మనం రాస్తున్నది ఆస్తి పత్రం కాదు కదా.

ఇంకో కారణం మా ఇంట్లోనే ఉంది. నాకూ నా భార్యకీ పెళ్ళై తొమ్మిదేళ్ళు. లోపం నా వైపని డాక్టరు చెప్పారు. అయినా చుట్టాలు మొక్కులు చెప్పేది ఆమెకే. ఐవీఎఫ్ మూడుసార్లు చేయించుకున్నాం. మూడోసారి తర్వాత ఆమె, "ఇంక చాలు, కొన్నాళ్ళు ఏడవనివ్వండి" అంది. దాదాపు ఏడాది ఇంకేం మాట్లాడుకోలేదు. ఆ ఏడాది మాకు అవసరమైంది. పుట్టని బిడ్డ కోసం ఏడవకుండా ఇంకో బిడ్డని ఇంటికి తెచ్చుకోలేమని అప్పుడు తెలిసింది. తర్వాతే 'కారా'లో పేరు నమోదు చేశాం. ఇంటికొచ్చి విచారించి వెళ్ళారు. ఇప్పుడు వరసలో ఉన్నాం. ఎన్నాళ్ళో తెలీదు. బిడ్డ వచ్చాక ఆఖరి ఉత్తర్వు జిల్లా మేజిస్ట్రేట్ ఇస్తారు. ఒకప్పుడు అది కోర్టు పని.

పెద్దనాయనలకీ, అత్తలకీ ఒక మనవి. చిన్నవ్వ పేరు కింద ఆ పిల్లాడి పేరు రాస్తున్నాను, చుక్కల గీతతో కాదు, మామూలు గీతతోనే. అభ్యంతరం ఉంటే ఉగాదికి కలిసినప్పుడు చెప్పండి. మీ మీ కొమ్మల్లో ఇలా సాకినవాళ్ళు, సాకబడ్డవాళ్ళు ఉంటే పేర్లు పంపండి. మా పేర్ల కింద ఇప్పటికి ఖాళీ వదిలాను. "సంతానం లేదు" అని మాత్రం ఎవరూ రాయొద్దు.