ప్రభువు ఒక్కడే, మన ఊళ్ళో ఇన్ని సంఘాలెందుకు?



పోయిన నెల ఆరాధన అయ్యాక మన సంఘపు తల్లి ఒకామె మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మావాడికి చేసుకోబోయే పిల్ల సి.ఎస్.ఐ. వాళ్ళమ్మాయి. చంటిబిడ్డప్పుడే నీళ్ళతో బాప్తిస్మం ఇప్పించారంట. పెళ్ళికి ముందు మన దగ్గర మళ్ళీ ముంచి ఇప్పించాలంటారా? ఆ మాట కబురు చేస్తే పిల్ల తండ్రి, 'మా బిడ్డేమన్నా అన్యురాలా?' అని కన్నీళ్ళు పెట్టుకున్నాడంట" అన్నారు.

ఆ రోజు వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ప్రార్థన చేసి చెప్తామని పంపించాము. ఆ తల్లి అనుమతితోనే ఈ సంగతి ఇక్కడ రాస్తున్నాము. ఎందుకంటే ఆ తండ్రి అడిగిన ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. ఆదివారం పొద్దున్నే బందరు కాలువ గట్టు మీద నిలబడితే మన ఊరి మైకులన్నీ ఒకేసారి వినపడతాయి. సి.ఎస్.ఐ. వారిది ఒకటి, మనది ఒకటి, పెంతెకొస్తు వారిది ఒకటి, అవతలి గట్టున ఆర్.సి.ఎం. వారి గంట. అందరూ పిలిచేది ఒక్క ప్రభువునే. మరి ఇన్ని ఎందుకు?

మన తాతలు ఎన్నుకున్నారా?

ముందుగా మన ప్రాంతపు చరిత్ర చూద్దాం. 1841లో చర్చి మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు యువకులు మచిలీపట్నం వచ్చారు. వారు ఇంగ్లండు సంఘానికి చెందినవారు, అంటే ఆంగ్లికన్లు. నోబుల్ దొర 1843లో పెట్టిన బడే నేటి నోబుల్ కాలేజీ. 1842 జూలై 31న అమెరికా నుండి ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరారు. ఆయన లూథరన్. అప్పటి కలెక్టరు స్టోక్స్ ఆయనను ఆదరించి, తాను నడిపిస్తున్న బడిని ఆయన చేతిలో పెట్టాడు. 1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ అనేవారు నర్సాపురం ప్రాంతంలో బ్రదరెన్ సంఘాలకు పునాది వేశారు. నెల్లూరు నుండి ఒంగోలు దాకా అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో పని మొదలుపెట్టి, తర్వాత ఆకివీడు, ఉయ్యూరు దాకా వచ్చారు. విజయవాడలో రోమన్ కతోలికులకు గుణదల కొండ ఉంది. 1937లో వారికి ఇక్కడ ప్రత్యేక మేత్రాసనం ఏర్పడింది.

ఈ మిషన్లలో చాలామంది ఒకరి పొలంలో ఒకరు విత్తనాలు చల్లకూడదని, ఫలానా తాలూకా మీది, ఫలానా తాలూకా మాది అని హద్దులు అనుకున్నారు. ఆ ఒప్పందం మంచి ఉద్దేశంతో చేసుకున్నదే. కానీ దాని ఫలితం ఏమిటి? కాలువకు ఇటు పుట్టినవాడు ఆంగ్లికన్, అటు పుట్టినవాడు బాప్టిస్టు, నది దాటితే లూథరన్!

నందిగామ వైపు రాఘవాపురానికి చెందిన పాగోలు వెంకయ్య గారిని తలచుకోండి. నిజమైన దేవుడెవరని వెదుకుతూ ఆయన బెజవాడలో ఉన్న డార్లింగ్ దొరను కలుసుకున్నాడు, ప్రభువును అంగీకరించాడు. అది 1859 నాటి మాట. డార్లింగ్ దొర సి.ఎం.ఎస్. వారు కాబట్టి వెంకయ్య గారి ప్రజలు ఆంగ్లికన్లు అయ్యారు. అటు ఒంగోలు సీమలో ఎర్రగుంట్ల పేరయ్య గారు తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్ళినప్పుడు, బాప్టిస్టు కాని వేరే మిషను వారి నోట సువార్త విన్నాడు. ఇంటికి తిరిగి వచ్చాక ఆయనకు దగ్గర్లో ఉన్నది బాప్టిస్టు మిషను. అందుచేత బాప్టిస్టు అయ్యాడు. ఆయన సాక్ష్యం వల్ల వందలాది కుటుంబాలు ప్రభువులోకి వచ్చాయి. వీరిద్దరూ శాఖలను బేరీజు వేసి ఎన్నుకున్నవారు కారు. దప్పిగొన్నవాడు దగ్గర్లో ఉన్న బావి దగ్గరకే వెళ్తాడు. బావి ఎవరు తవ్వించారని అడగడు.

మరి ఆ మిషన్లు ఎందుకు వేరయ్యాయి?

ఆ బావులు ఎందుకు వేర్వేరుగా తవ్వారో తెలియాలంటే ఐరోపా దాకా వెళ్ళాలి. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్, పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని ప్రశ్నించాడు. మనిషి తన క్రియల వలన కాదు, విశ్వాసం ద్వారా కృపచేతనే నీతిమంతుడవుతాడని బోధించాడు. అక్కడి నుండి ప్రొటెస్టంటు సంఘాలు బయలుదేరాయి. అయితే బయటికి వచ్చినవారు కలిసి ఉండలేకపోయారు. 1529లో మార్‌బర్గ్ పట్టణంలో లూథర్, స్విట్జర్లాండుకు చెందిన జ్వింగ్లీ కూర్చుని 15 అంశాలు మాట్లాడుకున్నారు. 14 అంశాల్లో ఏకీభవించారు. పదిహేనవది ప్రభువు బల్ల గురించి. రొట్టెలో ప్రభువు శరీరం నిజంగా ఉందని లూథర్, అది జ్ఞాపకార్థమని జ్వింగ్లీ. ఆ ఒక్క అంశం దగ్గర ఎవరి దారిన వారు వెళ్ళిపోయారు.

ఇంగ్లండులో రాజు 1534లో పోపు అధికారాన్ని తోసిపుచ్చాడు. అక్కడ బిషపులు, ప్రార్థన పుస్తకము, శిశు బాప్తిస్మము నిలిచాయి. నోబుల్ దొర తెచ్చింది ఆ సంప్రదాయమే.

ఇక మన బాప్టిస్టుల వేరు గురించి కాస్త నిదానంగా చెప్పాలి. 1525లో జ్యూరిచ్‌లో కొందరు, నమ్మి ఒప్పుకున్నవారికే బాప్తిస్మమని వాక్యంలో చూసి, పెద్దయ్యాక మళ్ళీ బాప్తిస్మం పొందారు. అది నేరమయింది. వారిలో ఫెలిక్స్ మాంజ్ అనే సహోదరుణ్ణి 1527 జనవరిలో లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. చంపించినది కతోలిక ప్రభుత్వం కాదు, ప్రొటెస్టంటు నగరపాలకులే. ఆ తరువాత 1609లో ఆమ్‌స్టర్‌డాంలో జాన్ స్మిత్ అనే ఇంగ్లీషు బోధకుడు విశ్వాసుల బాప్తిస్మంతో ఒక సంఘం కట్టాడు. బాప్టిస్టు సంఘాల చరిత్ర అక్కడ మొదలవుతుంది. 1906లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో, అజూసా వీధిలో, విలియం సేమూర్ అనే నల్లజాతి బోధకుని కూడికలలో పరిశుద్ధాత్మ వరముల కోసం ప్రార్థించిన ఉజ్జీవం పెంతెకొస్తు సంఘాలు లోకమంతటా వ్యాపించడానికి కారణమయింది.

కాబట్టి ప్రియులారా, ఈ తేడాలు చిన్నవని, ఎవరో పిచ్చిగా పోట్లాడుకున్నారని అనుకోకండి. బాప్తిస్మం ఎవరికి ఇవ్వాలి, బల్ల దగ్గర ఏమి జరుగుతుంది, సంఘాన్ని ఎవరు నడిపించాలి, అధికారం వాక్యానికా, సంప్రదాయానికి కూడానా, ఆత్మవరాలు నేటికీ ఉన్నాయా అనే ప్రశ్నలు నిజమైనవి. వాటి కోసం ప్రాణాలు ఇచ్చినవారు ఉన్నారు. అయ్యో, ప్రాణాలు తీసినవారూ ఉన్నారు. తమ పక్షమే సత్యమని నమ్మినవారు తమ సహోదరుణ్ణి నీళ్ళలో ముంచి చంపగలిగారంటే, మన నోటి మాటలను మనం ఎంత జాగ్రత్తగా చూసుకోవాలి!

అందరూ ఒప్పుకునేది ఏమిటి?

మార్‌బర్గ్‌లో తెగని ఒక్క అంశాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు. కుదిరిన పద్నాలుగింటిని ఎవరూ తలచుకోరు. మన ఊరి మైకులలో ఏ మైకు కింద కూర్చున్నా ఈ సంగతులు వింటారు: సృష్టికర్త అయిన దేవుడు ఒక్కడే, తండ్రి కుమార పరిశుద్ధాత్మ. కుమారుడు కన్య మరియ గర్భాన మనిషిగా పుట్టాడు. మన పాపముల కొరకు సిలువ వేయబడ్డాడు, మూడవ దినమున లేచాడు, మరల వస్తాడు. రక్షణ దేవుని కృపవలన కలిగేది, మనం కొనుక్కునేది కాదు. రక్షింపబడినవాడు తన పొరుగువాణ్ణి, మరి ముఖ్యంగా బీదవాణ్ణి ప్రేమించాలి. సి.ఎస్.ఐ. వారు, లూథరన్లు, కతోలికులు దీన్ని విశ్వాస ప్రమాణముగా నిలబడి చదువుతారు. మనం చదవము. కానీ మనం నమ్మేది అదే. గుణదల విషయంలో, పోపు గారి అధికారం విషయంలో మనం ఏకీభవించని సంగతులు ఉన్నాయి, దాచనక్కరలేదు. అయినా వారు సిలువను మనకంటె తక్కువగా ప్రేమిస్తున్నారని చెప్పే అధికారం మనకు ఎవరిచ్చారు?

మనం కట్టుకున్న గోడలు

1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సేవకులు కూడుకున్నారు. వారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ముందుండి నడిపించినవారిలో దోర్నకల్ బిషపు వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు ఒకరు. 1912లో అభిషేకం పొందిన ఆయన మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ బిషపు. మన కృష్ణా ప్రాంతపు పల్లెలు కూడా ఆయన కాపుదలలోకి వచ్చాయి. ఈ విభజనలు మేము చేసుకున్నవి కావు, బయటి నుండి మా మీదికి వచ్చినవి, వీటిని కొనసాగించే ఉద్దేశం మాకు లేదని వారు ప్రకటించారు. 28 సంవత్సరాల చర్చల తరువాత 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము, మనం సి.ఎస్.ఐ. అంటున్నది, ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు ఒక్కటయ్యారు. ఆ రోజు చూడడానికి అజరయ్య గారు లేరు. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. ఆ ఐక్యతలో గుంటూరు లూథరన్లు లేరు. మన బాప్టిస్టులమూ లేము.

విభజనలు బయటి నుండి వచ్చాయన్న మాట నిజమే. కానీ అది సగం నిజం. మిగతా సగం చెప్పడం మనకు కష్టం. ఒంగోలు బాప్టిస్టులలో ఎక్కువమంది మాదిగ సహోదరులు. గుంటూరు లూథరన్లలో, బెజవాడ చుట్టుపక్కల సి.ఎం.ఎస్. సంఘాలలో ఎక్కువమంది మాల సహోదరులు. ఒక పేట ఒక మిషనులో చేరితే, రెండో పేట ఇంకొక మిషను వైపు చూసిన ఊళ్ళు ఉన్నాయి. ఊరు మనలను వెలివేసింది. వెలివేయబడిన మనం ఒకరినొకరం వెలివేసుకున్నాము. పైకి బాప్తిస్మం గురించి వాదిస్తూ, లోపల పేట గురించి ఆలోచిస్తున్నామేమో ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలి. ఈ గోడను ఏ దొరా ఓడలో తేలేదు.

మా ఒప్పుకోలు

ఇప్పుడు మా సంగతి ఒకటి చెప్పాలి. సెమినరీ నుండి డిప్లొమా తీసుకుని వచ్చిన కొత్తలో, ఒక పల్లెలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల జరిగిస్తున్నాము. కూతురి పురుడుకని వచ్చిన ఒక ముసలమ్మ చాప మీద ముందు వరుసలో కూర్చుంది. ఆమెది శిశు బాప్తిస్మమని మాకు ముందే చెప్పారు. పళ్ళెం ఆమె దగ్గరకు వచ్చేసరికి చెయ్యి చాపింది. మేము పక్కవారికి అందించాము. ఆమె ఏమీ అనలేదు. చాపిన చేతిని మెల్లగా చీరకొంగులో దాచుకుంది. ఆరాధన అయ్యాక మా దగ్గరకు వచ్చి, "మా అమ్మ నన్ను చంకనెత్తుకునే ప్రభువుకిచ్చింది నాయనా. అప్పటినుంచీ ఆయన నన్ను దించలేదు" అని చెప్పి వెళ్ళిపోయింది. మరుసటి నెల బల్లకు ఆమె లేదు, వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. ఆ చెయ్యి మాత్రం ప్రతి నెలా మా కళ్ళముందుకు వస్తుంది.

బాప్తిస్మం విషయంలో మా నమ్మకం మారలేదు. నమ్మి, నోటితో ఒప్పుకున్నవారికి ముంచి ఇచ్చేదే వాక్యానుసారమని నేటికీ బోధిస్తాము. కానీ ఆ బల్ల మాది కాదు, ప్రభువుది. ఆయన పిలిచినవారిని ఆపే హక్కు వడ్డించేవాడికి లేదు.

అందుకని ఆ తల్లికి ఇలా చెప్పాము: అమ్మా, పెళ్ళికి షరతుగా బాప్తిస్మం అడగవద్దు. బాప్తిస్మం ప్రభువుకు ఇచ్చే మాట, అత్తింటికి ఇచ్చే కట్నం కాదు. ఆ పిల్ల ప్రభువును ఎరిగినదైతే మన బల్ల దగ్గర కూర్చోనివ్వండి. రేపు వాక్యం చదువుకుని, తన మనస్సాక్షి చొప్పున తానే అడిగితే సంతోషంగా ఇస్తాము. అడగకపోయినా ఆమె మన సహోదరే. వాళ్ళ నాన్నగారితో మీరే ఈ మాట చెప్పండి.

ఈ జవాబు మన సంఘ పెద్దలలో కొందరికి నచ్చలేదని మాకు తెలుసు. వారి మీద మాకు కోపం లేదు. ఒకప్పుడు మేమూ అక్కడే నిలబడ్డాము. వచ్చే నెల పెద్దల కూడికలో ఈ సంగతి బైబిలు తెరిచి మాట్లాడుకుందాం.

కొరింథు సంఘంలో కొందరు పౌలు పేరు, కొందరు అపొల్లో పేరు, కొందరు కేఫా పేరు చెప్పుకున్నప్పుడు పౌలు భక్తుడు తన పేరు చెప్పుకున్నవారిని కూడా మెచ్చుకోలేదు. మొదటి కొరింథీయులకు మొదటి అధ్యాయం ఈ వారం ఇంట్లో చదవండి. యోహాను సువార్త 17వ అధ్యాయం కూడా చదవండి. సిలువకు ముందు రాత్రి ప్రభువు మన ఏకత్వం కోసం ప్రార్థించాడు, లోకము నమ్మేటట్లు. మన ఊరివాళ్ళు మనలను చూస్తూనే ఉన్నారు.

వచ్చే ఆదివారం ఒక పని చేద్దాం. మన ప్రార్థనలో, పక్క సంఘాల పాస్టర్ల కోసం, కాలువ అవతలి ఫాదర్ గారి కోసం కూడా పేరుపెట్టి ప్రార్థించుదాం. మైకులో, అందరికీ వినపడేటట్లు.

ప్రభువు మనలను ఒక్కటిగా చేయును గాక. ఆమేన్.