వాటా ఇచ్చారు, హక్కు ఇవ్వలేదు

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ కథ ఎవరు చెప్పినా రైలుతోనే మొదలుపెడతారు. 1898–1900 మధ్య బెంగాల్ నాగపూర్ రైల్వే లైన్లు ఇక్కడ కలిశాయి, ఆ వెనకే వర్క్‌షాపు వచ్చింది, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి మనవాళ్ళు వచ్చి మథురాకాటీ, నిమ్‌పురాల్లో కాపురాలు పెట్టారు. మా తాత కూడా బొబ్బిలి వైపు నుంచి అలా వచ్చినవాడే. అయితే మనకి కూడు పెట్టిన ఆ పట్టాల కింద చెక్క ఎవరి అడవిదన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

బ్రాడ్‌గేజి చెక్క స్లీపరు తొమ్మిది అడుగుల పొడవు, పది అంగుళాల వెడల్పు, అయిదు అంగుళాల మందం. మైలుకి దాదాపు 2000 పడతాయి. మా నాన్న రైల్వే గ్యాంగులో చేసేవాడు. ‘శాల్ చెక్కకి మందు పట్టించక్కర్లేదురా, ఎండకీ వానకీ పదేళ్ళు కదలదు’ అనేవాడు. శాల్ అంటే మన గుగ్గిలం చెట్టే. టాటానగర్ వైపు లోకల్ ఎక్కి కలైకుండా దాటితే ఝార్‌గ్రామ్ దాకా ఇప్పటికీ కనబడేది ఆ అడవే. ఈస్టిండియా కంపెనీ కాలంలో ఈ సీమని జంగిల్ మహల్ అనేవారు. సంతాలులు, భూమిజ్‌లు, ముండాలు, లోధాలు ఉండే చోటు. 1798–99లో ఇక్కడివాళ్ళు కంపెనీ మీద తిరగబడితే ‘చువాడ్ తిరుగుబాటు’ అని పేరు పెట్టారు. అడవినే నమ్ముకున్న లోధాలకి నేరస్థ జాతి అని ముద్ర వేశారు. స్వతంత్రం వచ్చాక, 1952లో గాని చట్టం వేసిన ఆ ముద్ర పోలేదు.

రైలు రాగానే కలప ధర పెరిగింది. జమీందార్లు, మిడ్నాపూర్ జమీందారీ కంపెనీ అడవిని కాంట్రాక్టర్లకి ఇచ్చేశారు. 1953లో జమీందారీ రద్దు చట్టం వచ్చేసరికి, సర్కారు పరమయ్యేలోగా చేతికందిన చెట్టల్లా నరికి అమ్ముకున్నారు. ఆ తర్వాత అటవీశాఖ వచ్చింది, కాపలా వచ్చింది, కేసులు వచ్చాయి. అడవి మాత్రం రాలేదు. పొయ్యిలో కట్టెకోసం ఊరివాళ్ళు మోపు కట్టడం, గార్డు పట్టుకోవడం, మళ్ళీ మర్నాడు అదే.

ఈ వరస మారింది చంద్రకోణ రోడ్ దగ్గర ఆరాబారీలో. 1971–72లో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి 11 ఊళ్ళవాళ్ళతో కూర్చుని మాట్లాడుకున్నాడు. దాదాపు 1272 హెక్టార్ల అడవిని 618 కుటుంబాలు కాయాలి. అందుకు మొక్కలు నాటే కూలిపని వాళ్ళకే, ఆకులూ పళ్ళూ పుట్టగొడుగులూ వాళ్ళవే, చెట్లు అమ్మినప్పుడు నూటికి 25 రూపాయలు వాళ్ళకి. హిమాలయాల్లో ఆడవాళ్ళు చెట్లని కౌగిలించుకున్న చిప్కో ఇంకా మొదలవనే లేదు.

శాల్‌కి ఒక గుణం ఉంది. నరికినా వేరు చావదు. మొదలు చుట్టూ గుత్తిగా పిలకలు లేస్తాయి. మేకలు మేసెయ్యకుండా, కొడవలి పడకుండా చూసి, బలమైన పిలక ఒకటో రెండో ఉంచి తక్కినవి తీసేస్తే చాలు, అదే మానవుతుంది. అడవి తిరిగి రావడానికి డబ్బు కన్నా కాపలా ముఖ్యమయ్యింది అందుకే. ఎందుకూ పనికిరాదన్న ఆరాబారీ నేలమీది అడవికి 1983 నాటికి పన్నెండున్నర కోట్లు విలువ కట్టారు.

మా అమ్మకి ఈ లెక్కలు తెలియవు. గోల్‌బజార్లో విస్తళ్ళమ్మే సంతాలు ఆడమనిషి తెలుసు. ఊళ్ళో ఉన్నప్పుడు సవరలు తెచ్చే అడ్డాకుల్లో తిన్నది, ఇక్కడ శాల్ ఆకుల్లో వడ్డించేది. సన్నటి పుల్లతో ఆకుకి ఆకు గుచ్చుతూ కట్ట కట్టే ఆ చేతులకి చెట్టు నరికితే వచ్చే వాటా పదేళ్ళకోసారి. ఆకు మాత్రం రోజుకూలి. అలాంటి అడవిలో శాల్ బదులు యూకలిప్టస్, ఆకాశమణి వేసిన చోట కలప దిగుబడి వచ్చింది గాని విస్తరికి ఆకు లేదు, ఏరుకోడానికి ఇప్పపువ్వు లేదు. ఏ చెట్టు వెయ్యాలో కాపలా కాసినవాళ్ళని అడిగిందెవరు?

ఇంకొకటి. అడవి దట్టమవగానే 1987 ప్రాంతం నుంచి దల్మా కొండల ఏనుగులు కంసావతి నది దాటి రావడం మొదలుపెట్టాయి. ఆ అడవి చల్లదనం, గాలిలో తగ్గిన బొగ్గుపులుసు వాయువు అందరివీ. తొక్కేసిన వరిచేను, కూలిన మట్టిగోడ మాత్రం అడవి పెంచినవాళ్ళవే. వాతావరణ న్యాయం అని సభల్లో పెద్దమాటగా అంటున్నది నా మటుకు నాకు ఈ లెక్కే.

ఆరాబారీ పద్ధతిని 1989లో పశ్చిమ బెంగాల్, 1990లో కేంద్రం ఉత్తర్వులతో విస్తరించాయి. 1992 నుంచి ఆంధ్రలో వన సంరక్షణ సమితులు పెట్టారు. సంతోషమే. కానీ ఉత్తర్వు ఇచ్చిన చెయ్యి ఉత్తర్వుతోనే తీసుకోగలదు. బ్రెజిల్ అమెజాన్ అడవిలో రబ్బరు పాలు తీసే షికో మెండిస్‌ని 1988లో చంపేశాక, 1990 నుంచి అక్కడ అడవిని అడవివాళ్ళ వాడకానికే కేటాయించే రిజర్వులు చట్టంలోకొచ్చాయి. మన దగ్గర ఆ పని 2006 అటవీ హక్కుల చట్టం చేసింది. అడవిని కాపాడుకునే, నడుపుకునే హక్కు గ్రామసభకే ఇచ్చింది. బెంగాల్లో ఊరుమ్మడి హక్కు పత్రాలు అందిన ఊళ్ళు మాత్రం బహు తక్కువ.

ఇప్పుడు పట్టాల కింద కాంక్రీటు స్లీపర్లే. అందువల్ల మన బాకీ తీరిపోయిందనుకోవడం సబబు కాదు. నూటికి 25 వాటా మీద కాపలా మొదలుపెట్టినవాళ్ళు ఇవాళ అడుగుతున్నది వాటా పెంచమని కాదు. ఏ చెట్టు ఉంచాలి, ఏది కొట్టాలి, ఏనుగు పాడుచేసిన పంటకి ఎంత ఇవ్వాలి అన్న నిర్ణయం తమ సభలో జరగాలని. చట్టం కూడా ఆ దారే చూపించింది, అమలు చెయ్యడమే మిగిలింది.