ఇరవయ్యో మెట్టు మీది కలశం

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని, పాచికలు వేస్తూ, నోటిమాటతోనే ఒక వీరగాథను నడిపించే ఆటలను టేబుల్‌టాప్ ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటలు అంటారు. ఒకరు డంజన్ మాస్టర్‌గా ఉండి లోకాన్నీ, రాక్షసులనూ, దారిలో ఎదురయ్యే మనుషులనూ కళ్లకు కట్టిస్తారు. తక్కినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. ఆ పాత్ర నేర్చిన విద్య పేరు క్లాస్. ఆ విద్యలో ఎంత పైకి వచ్చిందో చెప్పే అంకె లెవెల్. ఈ ఆటలన్నిటికీ మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఇప్పుడు చివరి లెవెల్ 20. మధ్యలో మరో విద్యకు మళ్లకుండా ఒకే క్లాస్‌లో 20 మెట్లూ ఎక్కినవారికి చివర దక్కే శక్తిని ఆటగాళ్లు క్యాప్‌స్టోన్ అంటారు. గోపురం పూర్తయ్యాక పైన నిలిపే కలశం లాంటిది అది. ఏ క్లాస్ కలశం పడ్డ శ్రమకు తగ్గది, ఏది కాదు అన్న చర్చ ఇరవై ఏళ్లకు పైగా సాగుతోంది. ఆ చర్చ వెనుక ఆట పుట్టినప్పటి నుంచీ ఉన్న చరిత్ర ఉంది.

గోదావరి డెల్టాలో పెరిగినవారికి ఈ అమరిక కొత్తగా తోచదు. అవధాన సభ దీనికి చాలా దగ్గరిది. మధ్యలో అవధాని, చుట్టూ పృచ్ఛకులు, సభను నడిపే సంచాలకుడు. నిషిద్ధాక్షరికీ, సమస్యకూ, దత్తపదికీ, వర్ణనకూ వేటి నియమాలు వాటికి. ఎనిమిది మందిని నెగ్గుకొస్తే అష్టావధాని, నూరుగురిని నెగ్గుకొస్తే శతావధాని, వెయ్యి మందిదాకా వెళితే సహస్రావధాని. కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950), భీమవరం దగ్గరి యండగండికి చెందిన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920) తిరుపతి వేంకట కవులుగా జంటకట్టి గద్వాల, వనపర్తి సంస్థానాల దాకా వెళ్లి అవధానాలు చేశారు. తాడేపల్లిగూడెం దగ్గరి బోడపాడులో పుట్టిన గరికిపాటి నరసింహారావు 1996లో కాకినాడలో మహాసహస్రావధానం చేశారు. పై మెట్టు ఎక్కినంత మాత్రాన అవధాని చేతికి కొత్త ఆయుధమేమీ రాదు. ఎనిమిది అంశాల మీద నిలిచిన ధారణే నూరు పద్యాల మీద, వెయ్యి పద్యాల మీద నిలవాలి. అయినా అష్టావధానం ఒక పూట సభ, శతావధానం రోజుల తరబడి సాగే సభ. మెట్టు మారితే సభ స్వరూపమే మారుతుంది. ఆటలో ఒక క్లాస్ శిఖరస్థాయి గొప్పదా కాదా అని తూచడానికి ఇంతకన్నా మంచి తూకం దొరకదు. ఆ లెవెల్‌కు చేరాక బల్ల దగ్గర ఆట తీరు మారిందా, లేక కాగితం మీద ఒక అంకె మాత్రమే పెరిగిందా?

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాని కర్తలు. ప్రచురించినది టీఎస్ఆర్ సంస్థ. మొదటి ముద్రణ 1,000 ప్రతులు. అప్పటికి క్లాసులు మూడే: యోధుడు, మాంత్రికుడు, పురోహితుడికి సాటివచ్చే క్లెరిక్. దొంగ 1975లో వచ్చాడు. మనుషులకు లెవెల్ పరిమితి లేదు, మరుగుజ్జు జాతులకూ ఎల్ఫ్‌లకూ ఉంది. ఎల్ఫ్ మాత్రం ఒక సాహసంలో యోధుడిగా, మరో సాహసంలో మాంత్రికుడిగా ఆడవచ్చు. రెండు పడవల మీద కాలు పెట్టే మల్టీక్లాస్‌కు అదే బీజం.

ఆ తొలి రోజుల్లో శిఖరానికి దక్కే ప్రతిఫలం పాత్ర ఒంట్లో ఉండేది కాదు, లోకంలో ఉండేది. యోధుడు 9వ లెవెల్‌లో ‘లార్డ్’ అవుతాడు. అడవిని రాక్షసుల నుంచి విడిపించి, కోట కట్టి, చుట్టుపక్కల ఊళ్ల మీద పన్ను వసూలు చేసుకుంటాడు. మాంత్రికుడికి 11వ లెవెల్‌లో ‘విజార్డ్’ అన్న పేరు వస్తుంది. మన అవధానుల పేర్ల ముందు ‘శతావధాని’ చేరినట్టే ఈ బిరుదులు పాత్ర పేరుకు ముందు నిలిచేవి. గుహల్లో తిరిగే ఆట కాస్తా రాజ్యం ఏలే ఆటగా మారేది. మెట్టు మారితే సభ మారాలన్న లెక్కన చూస్తే ఇది చాలా పెద్ద ప్రతిఫలం. తర్వాతి రూపాల్లో ఇది పలచబడిపోవడం నిజంగా నష్టమే.

1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటగాళ్ల పుస్తకం మరో వింత దారి పట్టింది. ప్రకృతిని ఆరాధించే డ్రూయిడ్ 14వ లెవెల్ దాకానే వెళ్లగలడు. ఆ లెవెల్‌లో ‘గ్రేట్ డ్రూయిడ్’ ఒక్కడే ఉంటాడు. ఆ పీఠం కావాలంటే దాని మీద కూర్చున్నవాణ్ని పోరులో గెలవాలి. ఓడినవాడు కింది మెట్టుకు జారతాడు. మంక్ అనే సన్యాసి యోధుడికి 17వ లెవెల్‌లో ‘గ్రాండ్ మాస్టర్ ఆఫ్ ఫ్లవర్స్’ బిరుదు, అదీ ఒక్కరికే. తిరుపతి వేంకట కవులకూ పల్నాటి వైపు కొప్పరపు కవులకూ నడిచిన పోటీ తెలిసిన తెలుగువారికి ఈ నియమంలోని వేడి ఇట్టే అందుతుంది. శిఖరం అంటే ఖాళీగా ఉన్న గద్దె కాదు, ఒకరు కూర్చుని ఉన్న గద్దె. ఆ ఒక్క నియమం డంజన్ మాస్టర్‌కు నెలల తరబడి కథ ఇచ్చేది.

అదే పుస్తకంలో బార్డ్ అనే గాయకుడి సంగతి పూర్తిగా వేరు. వాడు ముందు యోధుడిగా, తర్వాత దొంగగా కొన్నేసి లెవెల్స్ గడిపి, ఆపైన డ్రూయిడ్‌ల దగ్గర శిష్యరికం చేస్తేనే బార్డ్ అవుతాడు. ఈరోజు ఒకే క్లాస్‌గా ఎంతో ఇష్టంగా ఎంచుకునే బార్డ్, పుట్టుకలో ఒకే క్లాస్‌గా ఆడడానికే వీల్లేనివాడు.

టీఎస్ఆర్ సమాంతరంగా నడిపిన మరో వరుస పెట్టెల రూపంలో వచ్చింది. ఫ్రాంక్ మెంట్జర్ కూర్చిన ఆ పెట్టెల్లో లెవెల్స్ 36 దాకా వెళతాయి. 1986లో వచ్చిన ఐదో పెట్టె పేరు ఇమ్మోర్టల్స్. 36 దాటినవారు అమరత్వాన్ని సాధించి ఆ స్థాయి నుంచే ఆట కొనసాగించవచ్చు. పాచికలు, బల్ల అవే. లోకం మాత్రం స్వర్గలోకమైపోయింది.

టీఎస్ఆర్‌ను 1997లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొన్నది. ఆ సంస్థ 2000లో తెచ్చిన మూడో ఎడిషన్‌ను జోనథన్ ట్వీట్, మాంటీ కుక్, స్కిప్ విలియమ్స్ రూపొందించారు. అన్ని క్లాసులకూ ఒకే నిచ్చెన, 20 మెట్లు. లెవెల్ పెరిగిన ప్రతిసారీ నచ్చిన క్లాస్‌లో అడుగుపెట్టే స్వేచ్ఛ ఇచ్చారు. పైగా ప్రెస్టీజ్ క్లాసులు అనే కొత్త దారులు తెరిచారు. ఒకే విద్యను పట్టుకుని కూర్చున్నవారి సమస్య ఇక్కడే మొదలైంది. యోధుడికి 20వ లెవెల్‌లో దొరికేది మామూలు మెట్ల మీద దొరికే అదనపు నైపుణ్యం లాంటిదే మరొకటి. పుట్టుకతోనే మంత్రశక్తి ఉన్న సోర్సరర్‌కు కొన్ని మంత్రాలు తప్ప ఏమీ లేదు. మంక్‌కు మాత్రం అందమైన ముగింపు దొరికింది: సాధన పండి అతని దేహం మానవదేహంగా లెక్కకు రాదు, పైలోకపు జీవిగా మారుతుంది. మిగతా చాలా క్లాసుల్లో చివరి మెట్టు ఎక్కడానికి పెద్ద కారణం లేక, ఆటగాళ్లు నాలుగైదు క్లాసులు కలిపి పాత్రలు అల్లేవారు.

ఈ లోపాన్ని ముందుగా సూటిగా పట్టుకున్నది పైజో సంస్థ. జేసన్ బుల్మాన్ నాయకత్వంలో 2009లో వచ్చిన పాత్‌ఫైండర్, మూడో ఎడిషన్ ఎముకల మీదే కొత్త కండ పెట్టింది. చాలా క్లాసులకు 20వ లెవెల్‌లో తమదే అయిన కలశం ఇచ్చింది. ఎంచుకున్న క్లాస్‌లో నిలకడగా ఉన్నవారికి ప్రతి లెవెల్‌కూ ఒక ప్రాణబిందువో, ఒక నైపుణ్య బిందువో అదనంగా ఇచ్చింది. దారి పొడవునా చిన్న కూలి, చివర పెద్ద బహుమతి. నిలకడకు విలువ కట్టిన తొలి పెద్ద ప్రయత్నమిది. 2008 నాటి నాలుగో ఎడిషన్ ఇంకో లెక్క వేసింది. అందులో లెవెల్స్ 30. 21 నుంచి ప్రతి పాత్రకూ ‘ఎపిక్ డెస్టినీ’ ఉంటుంది, అంటే కథ చివర ఆ వీరుడు లోకంలో ఏమవుతాడో ముందే ఎంచుకోవడం.

ఎక్కువమంది ఈ కలశాలను పోల్చి చూసేది 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లోనే. అందులో రెండో లెవెల్‌కు 300 అనుభవ బిందువులు చాలు. 20వ లెవెల్‌కు 3,55,000 కావాలి. 19 నుంచి 20కి ఎక్కడానికే 50,000. అంత చెమటోడ్చినవారికి ఏం దొరికిందో చూస్తే క్లాసుల మధ్య తేడాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

అగ్రస్థానం డ్రూయిడ్‌కే ఇవ్వాలి. 20వ లెవెల్ డ్రూయిడ్ ఎన్నిసార్లయినా జంతురూపం ధరించవచ్చు. చంద్రమండల శాఖకు చెందిన డ్రూయిడ్ అయితే ప్రతి వంతులోనూ కొత్త దేహం తొడుక్కుంటాడు; ప్రతి దేహానికీ ప్రాణం కొత్తగా మొదలవుతుంది. ఏనుగు పడిపోతే దాని చోట మరో మృగం లేస్తుంది, అది పడిపోతే ఇంకొకటి. శత్రువు ఒక్క వంతులో అతని చర్మాలన్నీ చీల్చగలిగితే తప్ప చంపలేడు. డంజన్ మాస్టర్ పోరాటాన్ని మొదటి నుంచి మళ్లీ ఆలోచించుకోవాల్సి వస్తుంది. ఆట మారిందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆవేశంతో ఊగిపోతూ పోరాడే బార్బేరియన్ దారి ఇంతకన్నా సూటిగా ఉంటుంది. బలానికీ, దేహదారుఢ్యానికీ చెరి 4 కలుస్తాయి. మామూలు మనుషుల హద్దు 20 అయితే వాడి హద్దు 24. ఆవేశం రోజుకు ఇన్నిసార్లే అన్న లెక్క పోతుంది. చూడడానికి ఇవి అంకెలే, కానీ వేసే ప్రతి పాచికలోనూ పలికే అంకెలు. యోధుడికి నాలుగో దెబ్బ వస్తుంది. అదే వంతులో మరోసారి దాడి చేయనిచ్చే ‘యాక్షన్ సర్జ్’తో కలిపితే ఎనిమిది దెబ్బలు. ఒక్క లెవెల్ వేరే క్లాస్‌కు ఇచ్చినా ఆ నాలుగో దెబ్బ పోతుంది. 20 దాకా నిలవడానికి యోధుడికి అదే గట్టి కారణం. పాలడిన్ అనే ధర్మయోధుడికి తాను చేసిన ప్రతిజ్ఞను బట్టి కలశం మారుతుంది. ప్రతీకారం ప్రతిజ్ఞగా పట్టినవాడికి గంటసేపు రెక్కలు మొలుస్తాయి. క్లెరిక్ పిలిస్తే దైవం తప్పక పలుకుతుంది. అంతకు ముందు లెవెల్స్‌లో పలకవచ్చు, పలకకపోవచ్చు. మొర విన్నాక మళ్లీ పిలవాలంటే ఏడు రోజులు ఆగాలి. పురాణకథలు విని పెరిగినవారికి ఈ నియమం నెమ్మదిగా, గట్టిగా మనసుకు పడుతుంది.

ఇక మాంత్రికుడు. ఆటలో ఇతని కన్నా శక్తిమంతుడు లేడు, కానీ ఆ శక్తి 17వ లెవెల్‌లోనే వచ్చేస్తుంది. తొమ్మిదో స్థాయి మంత్రాలు, ముఖ్యంగా ‘విష్’, అక్కడే దొరుకుతాయి. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోట రాముడి చేతికి చిక్కిన విగ్రహం ఎంత పని చేసిందో ‘విష్’ అంత పనీ చేస్తుంది. అయితే వేరే మంత్రాన్ని అనుకరించడానికి కాక సొంత కోరిక కోరితే, ఆ మంత్రం ఇక ఎన్నటికీ పలకకుండా పోయే అవకాశం నూటికి 33. 18వ లెవెల్‌లో రెండు చిన్న మంత్రాలు ఎన్నిసార్లయినా చదవవచ్చు. 20వ లెవెల్‌లో వచ్చేది మాత్రం రెండు మూడో స్థాయి మంత్రాలను ఉచితంగా ఒక్కోసారి వాడుకోవడం. అందుకే చాలామంది మాంత్రికులు 18 దగ్గర ఆగి, రెండు లెవెల్స్ యోధుడిలో గడిపి ‘యాక్షన్ సర్జ్’ తెచ్చుకుంటారు. గోపురం అన్నిటికన్నా ఎత్తు. దాని మీది కలశం చిన్నది.

బార్డ్, మంక్, సోర్సరర్‌లకు 2014లో దక్కినవి మరీ తక్కువ. పోరాటం మొదలయ్యేటప్పటికి చేతిలో ఏమీ మిగలకపోతే తోటివారికి ఇచ్చే ప్రేరణల్లో బార్డ్‌కు ఒక్కటి తిరిగి వస్తుంది, మంక్‌కు నాలుగు శక్తిబిందువులు. సోర్సరర్‌కు కాసేపు విశ్రమిస్తే నాలుగు. 20 మెట్లు ఎక్కినవాడు ఖాళీ చేతులతో వస్తేనే పనికొచ్చే బహుమతి అన్నమాట. అడవిని నమ్ముకున్న రేంజర్‌కు జరిగింది ఇంకా అన్యాయం. తాను ముందే ఎంచుకున్న జాతి శత్రువు ఎదురుపడితేనే, అదీ వంతుకు ఒక్కసారే, చిన్న కూడిక కలుస్తుంది.

2024 సెప్టెంబరులో వచ్చిన సవరించిన ఆటగాళ్ల పుస్తకం ఈ లెక్కలను చాలావరకు సరిచేసింది. 19వ లెవెల్‌లో అందరికీ ‘ఎపిక్ బూన్’ వచ్చింది; తెలుగులో వరం అంటే సరిగ్గా అమరుతుంది. మంక్‌కు చురుకుదనంలోనూ వివేకంలోనూ 4 చొప్పున పెరుగుదల, హద్దు 25. బార్బేరియన్ హద్దు కూడా 25కి జరిగింది. బార్డ్‌కు ప్రాణం పోసే మాట, ప్రాణం తీసే మాట రెండూ ఎప్పుడూ నోట సిద్ధంగా ఉంటాయి. ఒకేసారి ఇద్దరి మీద పలకవచ్చు. క్లెరిక్ దైవాన్ని పిలిచి ‘విష్’నే కోరవచ్చు. డ్రూయిడ్‌కు మాత్రం హద్దులేని రూపధారణ పోయింది. ఆ స్థానంలో పోరు మొదట్లో ఒక అవకాశం తిరిగి రావడం మిగిలింది. సమతూకం కోసం చేశారని అర్థమవుతుంది. అయినా ఆ క్లాస్‌ను ప్రేమించినవారికి అది మింగుడుపడని మార్పు. రేంజర్‌కు ఈసారీ గుర్తుపెట్టిన వేట మీద వేసే పాచిక కాస్త పెద్దదైంది, అంతే.

కంప్యూటర్ మీద ఇవే నిబంధనలను పరిచయం చేసుకున్నవారికి శిఖరం వేరే చోట ఉంటుంది. లారియన్ స్టూడియోస్ 2023లో విడుదల చేసిన బాల్డర్స్ గేట్ 3లో చివరి లెవెల్ 12. అక్కడ యోధుడి మూడో దెబ్బ 11వ లెవెల్‌లో వస్తుంది కాబట్టి, ఒకే క్లాస్‌లో ఉండిపోవడానికి దానికి మించిన కారణం అక్కర్లేదు.

బల్ల దగ్గర 20వ లెవెల్ రుచి చూడాలనుకునేవారు సంవత్సరాల తరబడి ఎదురుచూడక, ఒక్క రాత్రిలో ముగిసే ఆటను నేరుగా ఆ లెవెల్ నుంచే మొదలుపెట్టడం కూడా వాడుకలో ఉంది. కొత్తవారి చేతికి యోధుణ్నో బార్బేరియన్‌నో ఇస్తే అరగంటలో చెయ్యి కుదురుతుంది. మాంత్రికుడి మంత్రాల జాబితా మాత్రం ముందు రోజే కూర్చుని చదువుకోవాలి. మొదటి లెవెల్ నుంచి ఆ మంత్రాలను ఒక్కొక్కటే నేర్చుకుంటూ వచ్చినవారు ఏ సందర్భానికి ఏది వాడాలో తడుముకోరు. నేరుగా మొదలుపెట్టినవారు తొలి రెండు గంటలూ కాగితాలు తిరగేస్తూనే ఉంటారు.