నికోడిమస్ గ్రామము: దాని పుట్టుక, పేరు

అమెరికా సంయుక్త రాష్ట్రముల నడుమ, కాన్సస్ రాష్ట్రపు వాయవ్య భాగమున, సాలమన్ నది దక్షిణపు పాయ చెంత నికోడిమస్ అను చిన్న గ్రామము కలదు. చుట్టును కనుచూపు మేర గడ్డి మైదానము. 2020వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఆ ఊరి జనసంఖ్య 14. ఇంత చిన్న పల్లెను ఆ దేశ ప్రభుత్వము 1976లో జాతీయ చారిత్రక చిహ్నముగా గుర్తించెను. 1996లో జాతీయోద్యానవనముల శాఖ సంరక్షణ క్రిందికి తెచ్చెను. బానిసత్వమునుండి విముక్తులైన నల్లజాతివారు పడమటి మైదానములకు వలసపోయి కట్టుకొనిన ఊళ్లలో నేటికిని నిలిచియున్నవి మిక్కిలి అరుదు. నికోడిమస్ అట్టిది. విచిత్రమేమనగా, ఈ ఊరు పుట్టకమునుపే దీని పేరు పుట్టి, వందల మైళ్ల దూరమున అచ్చుపడి, చేతులు మారెను.

అంతర్యుద్ధము ముగిసిన 1865లోనే రాజ్యాంగ సవరణచే బానిసత్వము రద్దయ్యెను. కాని విముక్తులకు భూమి దక్కలేదు. పాత యజమానుల పొలములనే పాలుకో కౌలుకో దున్నుకొని అప్పులలో మునిగిరి. వారి రక్షణకై దక్షిణ రాష్ట్రములలో నిలిపిన కేంద్ర సైన్యమును 1877లో ఉపసంహరించుటతో భయము హెచ్చెను. మరియొకవైపు 1862 నాటి చట్టము ప్రకారము పడమటి ప్రభుత్వ భూమిలో 5 సంవత్సరములు నివసించి సాగుచేసినవారికి, స్వల్ప రుసుముపై, 160 ఎకరములు సొంతమగును. ఆ ఆశయే వలసకు మూలము.

1877 ఏప్రిల్ 18వ తేదీన నికోడిమస్ పురసంఘము ఏర్పడెను. సభ్యులు ఏడుగురు. వారిలో భూముల వ్యాపారియగు డబ్ల్యు. ఆర్. హిల్ ఒక్కడే తెల్లజాతివాడు, అధ్యక్షుడైన డబ్ల్యు. హెచ్. స్మిత్ మొదలగు తక్కిన ఆరుగురును నల్లజాతివారే. సంఘమువారు కరపత్రములు ముద్రించి కెంటకీ, టెన్నెసీ ప్రాంతములలో పంచిరి. సెప్టెంబరు 5వ తేదీన కాన్సస్‌కు పోగోరువారు 5 డాలర్లు చెల్లించి పోవచ్చునని లెక్సింగ్టన్ నగరమున ఒక ప్రకటన వెలువడెను. అప్పటికి మైదానమున ఊరన్నది దాదాపు లేదు. ఉన్నది పేరు మాత్రమే.

ఆ పేరు ఎవరిది? బైబిలు నెరిగినవారికి యోహాను సువార్తలోని నీకొదేము జ్ఞప్తికి వచ్చును. రాత్రివేళ యేసునొద్దకు వచ్చి, క్రొత్తగా జన్మించుటయను మాటకు అర్థము తెలియక ప్రశ్నించిన పరిసయ్యుడతడు. బానిసగా అమ్ముడువోయి, తుదకు తన స్వేచ్ఛను తానే కొనుక్కొనిన ఆఫ్రికా రాజకుమారుని పేరని మరియొక ప్రతీతి. హెన్రీ క్లే వర్క్ అను గేయకర్త 1864లో రచించిన పాటలో నికోడిమస్ అను ముదుసలి బానిస కలడు. విమోచన దినమున తన్ను మేల్కొల్పుడని కోరి అతడు కన్నుమూయును. ఈ మూడింటిలో కరపత్రమే తీర్పు చెప్పుచున్నది. ఆ పాటనే కొలదిగా మార్చి అందు అచ్చువేసిరి. మూలమున జనులు కలిసికొనవలసిన చోటు బురదనేలలోని చెట్టు. కరపత్రమున అది సాలమన్ లోయలోని చెట్టు! వ్యాపార ప్రకటనయే అయినను ఇట్లు మార్చినవాడు జనుల మనస్సు నెరిగినవాడు. అయితే వలసవచ్చినవారు బైబిలు వాక్యములపై పెరిగినవారగుటచే, ఆ పేరు విన్నప్పుడు నీకొదేమును వారికి స్ఫురింపకపోడు.

ఆ పాటలోని ముదుసలి ఎదురుచూచిన దినము పేరు జూబిలీ. మనము 25 ఏండ్ల పండుగకు వాడుచున్న ఈ మాట హీబ్రూ భాషనుండి వచ్చినది. ఏబదియవ సంవత్సరమున కొమ్ము ఊది, దాసులను విడుదల చేసి, భూమిని పూర్వపు కుటుంబములకు మరల ఇప్పించు ఆచారము అది. తెలుగు బైబిలు దానిని సునాద సంవత్సరమన్నది. దక్షిణాది బానిసలు తమ విముక్తికి ఆ పేరే పెట్టుకొనిరి. వారికి విడుదలయైతే వచ్చెను, భూమి రాలేదు. దానికొరకే ఈ ప్రయాణము.

1877 సెప్టెంబరులో సుమారు 300 మంది రైలులో ఎల్లిస్ పట్టణము చేరి, అచటినుండి దాదాపు 35 మైళ్లు సాగివచ్చిరి. మరుసటి వసంతమున వచ్చిన విల్లీనా హిక్మన్ అను స్త్రీ తన అనుభవమును పిమ్మట చెప్పినది. వారి గుంపులో కొందరు పిల్లలు దారిలో తట్టు సోకి మరణించిరి. నికోడిమస్ వచ్చినదని మగవారు కేకలు వేయగా, ఊరెక్కడనని ఆమె భర్తనడిగెను. అతడు నేలలోనుండి లేచుచున్న పొగను చూపెను. కలప దొరకని ఆ సీమలో జనులు నేలను తొలిచి గుంతలలో కాపురముండిరి. అది చూచి ఆమె ఏడ్చెను. మోసపోతిమని వెనుదిరిగిన కుటుంబములు పెక్కు. ఆమె మాత్రము నిలిచెను.

వంటచెరకు లేక అడవిదున్నల పేడను పిడకలవలె కాల్చిరి. కాడి యెడ్లు, గుఱ్ఱములు లేనివారు పారలతో గడ్డినేలను పెళ్లగించిరి. మొదటి చలికాలమున వేటనుండి మరలివచ్చుచున్న ఒసేజ్ తెగవారు తమ మాంసములో పాలుపెట్టి ఆదుకొనిరని ఆ ఊరివారు నేటికిని చెప్పుకొందురు. కొలది సంవత్సరముల క్రిందటనే కాన్సస్ భూములు కోల్పోయినవారే ఆ తెగవారు! అట్టి నేలగుంతలోనే జెన్నీ ఫ్లెచర్ అను గృహిణి పిల్లలకు చదువు నేర్పసాగెను. బానిసలకు అక్షరము నేర్పుట పెక్కు దక్షిణ రాష్ట్రములలో నేరముగానుండిన కాలము గడచి అప్పటికి పట్టుమని పదునైదేండ్లు కాలేదు.

క్రమముగా రాతి యిండ్లు, దుకాణములు, బ్యాంకు, రెండు వార్తాపత్రికలు వెలసినవి. ఇచట స్థిరపడిన ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో రాష్ట్ర ఆడిటరుగా ఎన్నికయ్యెను. రైలుమార్గమును రప్పించుటకై 1887లో ఊరివారు 16,000 డాలర్ల బాండ్లకు ఓటు వేసిరి. ఆ రైలు రాలేదు. మరుసటి యేడు వేరొక కంపెనీ నదికి ఆవలి ఒడ్డున పట్టాలు వేసెను. వర్తకులు దుకాణములతో సహా అచటి బోగ్ పట్టణమునకు తరలిపోయిరి. 1953లో తపాలా కచేరియు మూతపడెను.

రెండు ప్రార్థనాలయములు, బడి, హోటలు, సభామందిరము, ఈ ఐదు కట్టడములు మిగిలినవి. బ్రిటిషు వెస్టిండీసులో 1834 ఆగస్టు 1వ తేదీన జరిగిన బానిస విమోచనమును స్మరించు ఉత్సవము ఇచట తొలినుండియు వాడుక. ఇప్పుడది జూలై నెలాఖరున జరుగుచున్నది. దూరపు నగరములలో స్థిరపడిన వంశీకులు పిల్లలను వెంటబెట్టుకొని వత్తురు. పదునలుగురున్న ఊరిలో ఆ దినములందు వందలకొలది జనము కూడుదురు.